మెట్ల కింది మేకపిల్లలు

ఇస్త్రీపెట్టె మూత ఎత్తి రాజనర్సయ్య బొగ్గుల మీద అట్టముక్కతో విసిరాడు. నిప్పు ఎర్రబడ్డాక పెట్టెను తడిగుడ్డకు ఆనించాడు. సుయ్‌మంది. అమీర్‌పేట సందులో హాస్టళ్లున్నంత కాలం అతని బండికి చొక్కాల కరువు లేదు. ఊళ్లకు ఊళ్లే జావా నేర్చుకోవడానికి దిగాయి. దిగిన ప్రతివాడూ ఏదో ఒకరోజు ఇంటర్వ్యూకి పోవాల్సిందే. పేరు గుర్తుపెట్టుకునేలోపే బెంగుళూరు వెళ్లిపోయేవారు.

ఏళ్లతరబడి పెట్టె మోసి కుడిభుజం కిందికి జారింది. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. ఇవాళ చెయ్యి చొక్కాల మీదున్నా మనసంతా అపార్ట్‌మెంటు మెట్ల కింద, తానుండే కిటికీలేని గదిలోనే ఉంది. అక్కడ రెండు మేకపిల్లలున్నాయి. మొన్న ఈనగానే తల్లి చచ్చింది. పోయిన భార్య మంగవ్వ పుట్టింటి నుంచి చంకనేసుకొచ్చిన మేక సంతతిలో మిగిలినవి ఈ రెండే. నిరుడు చలికి ఒక ఈత మొత్తం పోయింది. ఈసారి పోనివ్వనని పంతం పట్టాడు. అంతకుముందు దేనికీ పంతం పట్టిన మనిషి కాదు.

మధ్యాహ్నానికి చలిగాలి తిరిగింది. పని ఆపి గదికి పోయి, గుడ్డవత్తి పాలలో ముంచి పిల్లల నోటికి పెట్టాడు. నల్లది చీకింది. తెల్లది నోరు తెరవలేదు. దాని చెవులు చల్లగా తగిలేసరికి రాజనర్సయ్య అరచేతులతో రుద్దాడు.

"బాబాయ్, రేపు ఇంటర్వ్యూ. కాలర్ జాగ్రత్త," అంటూ హాస్టల్ కుర్రాడు కేదార్ చొక్కా ఇచ్చి వెళ్లాడు.

అసలే చలి, ఆపైన అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడు, మూడో అంతస్తు హనుమత్ప్రసాద్ గారు దిగివచ్చారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. రోడ్డు మీద ఆటోలు రాత్రింబవళ్లు మోగినా పట్టని ఆయనకు మేకపిల్లల అరుపే చెవిలో గుచ్చుకుంది.

"ఏంటయ్యా నర్సయ్యా, రాత్రంతా ఒకటే గోల. ఇంకోసారి వినబడితే గది ఖాళీ చెయ్యాల్సిందే."

"తల్లి సచ్చింది సారు, గందుకే ఒర్రుతున్నయ్. ఇయ్యాల్టి సంది చప్పుడు రాదు."

పొద్దువాలగానే బండి కట్టేశాడు. మిగిలిన నిప్పును ఇనుపమూకుడులోకి ఒంపి గదిలోకి తీసుకుపోయాడు. చలి రాకుండా, అరుపు పోకుండా తలుపు కింద సందులో గోనెసంచి కుక్కుతుంటే మెట్లు ఊడ్చే బుచ్చమ్మ చూసింది.

"అన్నా, తలుపు జర తెరిచిపెట్టు. పొగ నిండుతది."

"పొగేడిదే? నిప్పు కణకణ మండుతున్నది. గీ బొగ్గుతోనే బతుకంత ఎల్లదీసిన. నన్నేం జేస్తది?"

నిజమే, పొగ లేదు. అతనెప్పుడూ ఆరుబయటే నిప్పుతో పనిచేశాడు. పొగ లేని బొగ్గు కూడా మూసిన గదిలో మనిషిని చంపుతుందని ఎవరూ చెప్పలేదు. తెల్లపిల్లను ఒళ్లోకి తీసుకుని మూకుడు దగ్గర కూచున్నాడు. కాసేపటికి దాని చెవులు వేడెక్కాయి. అది వత్తి చీకింది. రాజనర్సయ్యకు ఏడుపొచ్చింది. నల్లదాన్నీ ఒళ్లోకి లాక్కుని, గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. ఇంతమంది మసిలే సందులో అతని అలికిడికి తలెత్తేవి ఈ రెండే.

పొద్దున చొక్కా కోసం వచ్చిన కేదార్ పిలిచి పిలిచి, బుచ్చమ్మతో కలిసి తలుపు నెట్టాడు. రాజనర్సయ్య గోడకు ఆనుకునే ఉన్నాడు. ముఖం ఎర్రగా, బాగా నిద్రపట్టిన మనిషిలా ఉంది. దుప్పటి పిల్లలకే కప్పి ఉంది. మూడు ప్రాణాలూ ఎప్పుడో చల్లబడ్డాయి.

"చెప్తే ఇనకపోతివి గదన్నా!" అని బుచ్చమ్మ గుమ్మంలో కూలబడి ఏడ్చింది. హనుమత్ప్రసాద్ గారు సగం మెట్లు దిగి అక్కడే నిలబడిపోయారు.

ఎత్తి బయటికి తెస్తుంటే రాజనర్సయ్య చొక్కాజేబులోంచి ఎర్రదారానికి కట్టిన రెండు చిరుగంటలు జారి మెట్టు మీద పడ్డాయి. పిల్లల మెడల్లో కట్టడానికి కొన్నట్టున్నాడు. పడినా మోగలేదు. చప్పుడు రాకుండా వాటి నాలుకలకు దూది చుట్టి ఉంది.