కొమ్ము పానా

1962లో బెళుగుప్ప పంచాయతీ రేడియో తాళంచెవి వెంకటరాముడి దగ్గర ఉండేది. అతను ఆయిల్ ఇంజన్ల మెకానిక్కు. నట్లు తెలిసినవాడని ప్రెసిడెంటు శ్రీరంగప్ప ఆ పని అతనికి అప్పగించాడు. రోజూ సాయంత్రం ఆరున్నరకు రేడియో పెట్టి, వార్తలూ రైతుల కార్యక్రమమూ అయ్యాక గదికి తాళం వేయాలి. మూడు నెలలకొకసారి అనంతపురం నుంచి ఆఫీసరు వచ్చి చూసేవాడు. ముందు పలక మీద గీత కనిపిస్తే ఎవరో పెట్టె విప్పబోయారని లెక్క. రేడియో వేరే ఊరికి పోతుంది.

జూలైలో, ముందు పలక మీద శబ్దం పెంచే గుండ్రటి మర మరీ వదులైంది. ఆ మరను లాగితే ఊడివస్తుంది. దాని వెనక, పలకను ఆనుకుని, ఒక ఇత్తడి నట్టు ఉంటుంది. నట్టు వదులైతే మర తిప్పినప్పుడల్లా లోపలి భాగం కూడా తిరిగి, ఏదో ఒక రోజు తీగ తెగుతుంది. ఆఫీసరు రావడానికి పన్నెండు రోజులుంది.

వెంకటరాముడు పటకారుకు గుడ్డ చుట్టి నట్టు పట్టాడు. ఇంజను నట్టుకు పెట్టే బలమే పెట్టాడు. పటకారు జారింది. పలక మీద జొన్నగింజంత గీత పడింది. మర మళ్లీ పెడితే గీత దాని కింద దాగింది. ఇంకోసారి జారితే దాగదు.

కళ్యాణదుర్గంలో రేడియో షాపు నారాయణ ఇనుప పానా చూపించాడు.

"దీంతో బిగుస్తాది. అంచు తగిలినకాడ గుండ్రంగా గుర్తు పడతాది. పడదని నేను మాట ఇయ్యలేనన్నా."

షాపు బయట సంత. దువ్వెనలు చేసే తిమ్మక్క, వంకరపోయిన కొమ్ము దువ్వెనను వేడి నూనెలో ముంచి రెండు చెక్కల మధ్య ఒత్తుతోంది. బయటికి తీస్తే దువ్వెన తిన్నగా ఉంది. వెంకటరాముడు అక్కడే కూర్చున్నాడు.

"అక్కా, కొమ్ము రేడియో పలకను గీస్తాదా?"

"తలకాయనే గీయదు. నీ రేడియోనేం గీస్తాదప్పా?"

అతను విషయమంతా చెప్పి, కొమ్ముతో పానా చేయగలవా అని అడిగాడు. నట్టు కొలత తెమ్మంది.

నట్టు ఊడదీస్తే లోపలి భాగం పెట్టెలోకి పడిపోతుంది. అందుకని రాగిసంగటి ముద్దను నట్టు మీద ఒత్తి అచ్చు తీశాడు. పలక తుడిచి, అచ్చును ఎండలో ఆరబెట్టి, మరుసటి సంతకు తీసుకుపోయాడు. తిమ్మక్క ఆ అచ్చు ప్రకారం కొమ్ములో ఆరుమూలల రంధ్రం తొలిచింది. ఊరికి తెచ్చి పెట్టి చూస్తే నట్టు దూరలేదు. ఆరిన సంగటి కుంచించుకుపోయింది.

మరునాడు ఆమె ఇంటికే పోయాడు.

"ముద్ద తెచ్చినోడివి ఊరుబిండి పచ్చడి గూడా తేవాల్సింది, తిని పోదువు" అంది తిమ్మక్క.

ఈసారి నారాయణ దగ్గర పాడైన రేడియో నుంచి అదే కొలత నట్టు అడిగి తెచ్చాడు. ఆమె దాన్ని నిప్పుల మీద పట్టింది.

"ఎర్రగైతే కొమ్ము మాడతాది. దీనిమీద నీటిచుక్క ఎగిరితే చాలు."

బోలుగా ఉన్న కొమ్ముముక్క కొనను నూనెలో మెత్తబరిచి, నట్టును అందులోకి ఒత్తి, నీళ్లలో ముంచింది. చల్లారాక తట్టితే నట్టు రాలింది. దాని ఆరుమూలలూ కొమ్ములో ఉన్నాయి. అంచును రాతి మీద అరగదీసి ఇచ్చింది.

ఆ సాయంత్రం నట్టు చుట్టున్నర తిరిగి ఆగింది. ఇంజన్లకు అలవాటైన చేయి ఇంకా బలం పెట్టింది. కొమ్ము కొంచెం సాగి నట్టు మీద జారింది. పలక మీద గుర్తు లేదు.

ఆఫీసరు వచ్చి మర తిప్పి చూశాడు.

"పోయినసారే ఇది కొంచెం కదిలేది. ఎవరు బిగించినారు?"

వెంకటరాముడు మర లాగి గీత చూపించాడు.

"ఇది పటకారుతో పడింది సార్. నేనే. ఆమీద దీంతో బిగించినా."

ఆఫీసరు కొమ్ము తీసుకున్నాడు. నట్టును తానే అరచుట్టు వదులు చేసి బిగించాడు. మూడుసార్లు చేశాడు. పెట్టెను కిటికీ వైపు తిప్పి పలక చూశాడు. 'మర కింద పాత గీత ఒకటి. కొత్తవి లేవు. రేడియో ఇక్కడే ఉండవచ్చు' అని పుస్తకంలో రాశాడు.

"ఇట్లాంటివి నాకు మూడు కొలతల్లో కావాల. చేసినోళ్లు యాడ ఉంటారు?"

తరువాతి సంతలో వెంకటరాముడు ఆ మాట తిమ్మక్కకు చెప్పాడు. ఆమె దువ్వెన పళ్లు కోస్తోంది. తల ఎత్తలేదు.

"నట్లు పంపమను. సంగటి వద్దను."