క్లేర్ కోసం వచ్చినాయన

ఆఫీసులో నా పేరు క్లేర్. నా ఒక్కదాని పేరే కాదులెండి, ఫ్రాన్స్ డెస్కులో ఏ షిఫ్టులో ఏ ఆడమనిషి కూర్చున్నా ఆవిడ పేరు క్లేరే. మా నాన్న ముచ్చటపడి ఎవాంజెలిన్ అని పెట్టుకున్న పేరుని, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పదో అంతస్తుకి వచ్చేలోపు లిఫ్టులోనే వదిలేసి రావాలన్నమాట. మా టీమ్ లీడ్ రామాంజనేయులుని మాత్రం పేరు మార్చుకోమని ఎవరూ అనలేదు. ఆయన ఫోనెత్తడుగా!

మా పనేమిటో చెబితే నవ్వుతారు. ఫ్రాన్స్ పల్లెటూళ్ళలో కంకర బాటల మీద సైకిలు తొక్కడానికి డబ్బు కట్టి వచ్చేవాళ్ళని హైదరాబాద్‌లో కూర్చుని కనిపెట్టుకుని ఉండడం. గ్రావెల్ బైక్ అంటారు, మామూలు రేసు సైకిలుకి లావు టైర్లు వేసినట్టుంటుంది. పక్కనే నున్నటి తారు రోడ్డు ఉన్నా దాని మీద పోరు. అడవిలో, చేల మధ్య, కాలవ గట్ల మీద, మనిషన్నవాడు ఎదురుపడని దారి కావాలి వాళ్ళకి. ఎవరూ లేకుండా ఉండడానికి అంత ఖర్చెందుకు, గోపన్‌పల్లిలో మా ఫ్లాటుకొస్తే ఊరికే దొరుకుతుంది కదా అని మొదట్లో జోకులేసేదాన్ని. వినేవాళ్ళు నవ్వడం మాని జాలిగా చూడడం మొదలుపెట్టాక ఆపేశాను.

ఒక్కో సైకిలుకీ ఒక చిన్న ట్రాకర్ కట్టి పంపిస్తారు. నా కంప్యూటర్లో అది నీలం చుక్క. టైరు పోయినా, దారికి అడ్డంగా చెట్టు పడినా ఆ మనిషి ఫోన్ చేస్తాడు, క్లేర్ ఎత్తుతుంది. ఇండియా అన్న మాట నోట రాకూడదు. "మా లోకల్ ఆఫీసు నుంచి" అనాలి. యాస అక్కడిదే, వాన అక్కడిదే, ఎండ అక్కడిదే. పనికి సంబంధం లేని మాట ఒక్కటి మాట్లాడకూడదు. ఈ విద్యలో నన్ను మించినవాళ్ళు మా డెస్కులో లేరు. గొప్ప కోసం చెప్పడం లేదు, కొత్తగా చేరినవాళ్ళకి నా కాల్సే వినిపిస్తారు.

జూన్‌లో బర్గండీ దారికి హెండ్రిక్ అని ఒకాయన వచ్చాడు. డచ్చాయన, డెబ్బై దాటిన మనిషి, ఒంటరిగా వచ్చాడు. మిగతావాళ్ళు ఆపదొస్తేనే ఫోన్ చేస్తారు. ఈయన ఏ ఆపదా లేకుండా రోజూ సాయంత్రం బసకి చేరగానే చేసేవాడు.

"చేరాను, క్లేర్" అనేవాడు ఇంగ్లీషులో, నెమ్మదిగా.

"సంతోషం. టైర్లలో గాలి రేపటికి కొంచెం తగ్గించుకోండి. రేపటి అడవి దారిలో రాళ్ళు పెద్దవి."

"అక్కడ వాన పడుతోందా?"

"ఇక్కడా వానేనండి" అనేదాన్ని తెర మీద ఆ ఊరి వాతావరణం చూసుకుంటూ. కిటికీ బయట పగలంతా ఎండకి మాడిన ఖాజాగూడ రాళ్ళు ఇంకా సెగలు కక్కుతుండేవి.

అంతే మా మాటలు. అయినా చెబుతున్నా, ఆ ఫోన్ కోసం పొద్దున్నించీ ఎదురుచూసేదాన్ని. క్షేమంగా చేరానని నాకు చెప్పేవాళ్ళెవరున్నారు? రాజమండ్రిలో మా అక్క పొద్దున్నే వాట్సాప్‌లో ఒక బైబిల్ వాక్యం పంపిస్తుంది, ఆ పంపడం కూడా నాకని కాదు, గ్రూపులో నూరుమందికి. అపార్టుమెంటులో నేను ఫోర్ నాట్ టూ ఆంటీని. నలభై ఏళ్ళకే ఆంటీనయ్యాను, సరే అవనీ! కానీ పేరు పెట్టి పిలిచే ఒక్క మనిషి ఉండాలనిపించదా? అది నా పేరు కాకపోయినా సరే, ఆయన పిలిచేది నన్నే కదా అనుకునేదాన్ని. అదొక్కటే నాకు మిగిలిన ఆస్తి అన్నట్టుగా దాచుకున్నాను.

మధ్యలో ఆదివారం వచ్చింది. నాకు సెలవు. చందానగర్‌లో చర్చికి వెళ్ళాను గానీ పాస్టరుగారి వాక్యం ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఆ రోజు హెండ్రిక్‌ది చాలా పొడవైన అడవి దారి. ఒక్క ఇల్లు లేదు, ఒక్క రొట్టెల కొట్టు లేదు. నా సీట్లో ఆ పూట స్రవంతి ఉంటుంది. మెదక్ వైపు పిల్ల, చేరి రెండు నెలలు కాలేదు. ఇంగ్లీషు మాట్లాడుతూ మాట్లాడుతూ మెదక్‌లోకి జారిపోతుంది. దానికి క్లేర్ అవడం చేతకావడం లేదని రామాంజనేయులు రోజూ క్లాసు పీకుతాడు.

సోమవారం వెళ్ళగానే అడిగాను. "నిన్న హెండ్రిక్ చేశాడా?"

"ఆ, చేసిండక్కా. మాట్లాడిన" అంది మరమరాలు నములుతూ.

"ఏమన్నాడు?"

"ఏమనలే. జర పరేషాన్ల ఉండె. మంచిగనే చేరిండు తియ్యి."

నాకు లోపల భగ్గుమంది. ఎంత అపురూపంగా చూసుకుంటున్న మనిషిని ఈ పిల్ల మరమరాలు నములుతూ పలకరించి ఉంటుంది! మళ్ళీ అడగబుద్ధి కాలేదు.

కానీ ఆ సోమవారం సాయంత్రం నుంచి హెండ్రిక్ మారిపోయాడు. గొంతులో ఏదో బిగువు సడలింది. తన భార్య ఆనెకా సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఈ దారి ఇద్దరూ కలిసి వంటింటి బల్ల మీద మ్యాపు పరుచుకుని గీసుకున్నారట. చలికాలంలో ఆవిడ పోయింది. కొండ ఎక్కేటప్పుడు ఆవిడెప్పుడూ ముందు వెళ్ళిపోయి పైన నిలబడి వెక్కిరించేదట. ఇప్పుడు కొండ ఎక్కాక పైన ఎవరూ ఉండరు, అదే కష్టంగా ఉంది క్లేర్, అన్నాడు. నేను రూలు పక్కనపెట్టి విన్నాను. "అర్థమవుతోందండి" అన్నాను. నిజంగా అర్థమైంది కూడా. ఇన్నాళ్ళకి ఒక మనిషి నమ్మకం సంపాదించుకున్నానని ఎంత పొంగిపోయానంటే, క్యాబ్‌లో ఇంటికెళ్తూ దారంతా నవ్వుతూనే ఉన్నాను. డ్రైవర్ అద్దంలోంచి రెండుసార్లు చూశాడు.

ఆఖరి రోజు నేను షిఫ్టుకి వచ్చీ రాగానే ఆయన ఫోన్.

"క్లేర్, ఈ రోజుతో అయిపోతుంది. మీ ఆఫీసు ఉన్న ఊళ్ళోనే ముగుస్తుంది కదా, అడ్రసు మీ కాగితాల మీద ఉంది. మిమ్మల్ని చూడకుండా వెళ్ళను. మీకోసం ఒకటి తెస్తున్నా."

"అయ్యో, ఎందుకండీ మీకు శ్రమ!" అన్నాను. మనవాళ్ళు ఎవరైనా వస్తానంటే అనేమాటే అది. మనలో అయితే ఆ గొంతు విని ఎదుటివాడు పట్టుకుంటాడు, వద్దంటోందని. ఆయనకేం తెలుసు?

"శ్రమేం లేదు. నాకు సంతోషం" అని పెట్టేశాడు.

ఆ అడ్రసు సంగతి నాకు తెలుసు. ఇంటర్నెట్‌లో వీధి బొమ్మల్లో ఎన్నోసార్లు చూశాను. మూసేసిన చెప్పుల షాపు, దాని పక్కన ఒక షట్టరు, షట్టరుకి ఒక ఉత్తరాల డబ్బా. ఆ డబ్బాయే మా లోకల్ ఆఫీసు.

పరిగెత్తుకుని రామాంజనేయులు దగ్గరికి వెళ్ళాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "టెంప్లేట్ ఉంది కదమ్మా. క్లేర్ ఈజ్ ఆన్ లీవ్ అని మెసేజ్ పెట్టెయ్."

"ఇప్పుడే ఫోన్లో మాట్లాడాను కదండీ, సెలవంటే నమ్ముతాడా? పెద్దాయన, ఆ కంకరలో పడుతూ లేస్తూ వస్తున్నాడు."

"చూడు ఎవాంజెలిన్, ఇండియా అన్నావంటే నీ ఉద్యోగం నేను కాపాడలేను. కాల్స్ అన్నీ రికార్డవుతాయని నీకు వేరే చెప్పాలా?"

మెసేజ్ పెట్టాను. సైకిలు మీద ఉన్న మనిషి ఫోన్ చూడడు. చుక్క కాలవ గట్టు మీద మెల్లగా జరుగుతోంది. మామూలుగా అయితే ఆ గట్టు మీద ఆయన జోరుగా పోవాలి. ఆ రోజు గుంతలున్న చోటల్లా నడిపించుకుంటూ వెళ్తున్నట్టుంది. సంచిలో ఉన్నదేదో చెదరకుండా జాగ్రత్త పడుతున్నాడని నాకు అర్థమైంది. నా కోసం అంత జాగ్రత్తపడే మనిషిని నేను జీవితంలో చూడలేదు. సిగ్గులేకుండా చెబుతున్నా, అంత భయంలోనూ నాకు సంతోషమేసింది.

మన సాయంత్రానికి చుక్క ఊళ్ళోకొచ్చింది. వంతెన దాటింది. వీధి మలుపు తిరిగి, షట్టరు ముందు ఆగింది.

ఆగి, అక్కడే ఉంది.

మెసేజ్ చూసుకుని వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. వెళ్ళలేదు. కాసేపటికి వీధి చివరికి పోయి మళ్ళీ వెనక్కొచ్చింది చుక్క. అడ్రసు సరిగ్గా చూసుకుంటున్నాడు కాబోలు పాపం. మళ్ళీ షట్టరు ముందే. పక్క కంప్యూటర్లో స్రవంతి ఎవరికో సైకిలు గొలుసు ఎలా ఎక్కించాలో చెబుతోంది. రామాంజనేయులు మీటింగ్ రూమ్‌లో ఉన్నాడు. నాకు ఇక తట్టుకోవడం వల్ల కాలేదు. పోతే పోనీ వెధవ ఉద్యోగం! నంబరు నొక్కాను.

"హలో?" అన్నాడు.

ఆ క్షణంలో నాకు క్లేర్ గొంతు రాలేదు. నేను పుట్టి పెరిగిన బాపట్ల ఇంగ్లీషే వచ్చింది. "సార్, అక్కడ వెయిట్ చేయకండి. అక్కడ ఎవరూ లేరు. ఆఫీసు అక్కడ లేదు."

"మీరెవరు?"

ఆయన గుర్తుపట్టలేదు. ఇన్ని రోజుల నుంచి విన్న గొంతు కదా, గుర్తుపట్టలేదు.

"ఆఫీసు ఇండియాలో ఉందండి. హైదరాబాద్‌లో. క్లేర్ కూడా ఇక్కడే ఉంటుంది. అసలు నేనే..."

"ఇండియానా?" తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఎక్కడుంటేనేం. ఆవిడకి ఒక మాట చెప్పాలని వచ్చాను. ఆదివారం నేను అడవిలో కూలబడిపోయాను. ఇక తొక్కలేను, ఇంటికి పోతాను, మనిషిని పంపించండి అని ఫోన్ చేశాను. ఆవిడ ఏమందో తెలుసా? తిన్నారా, అని అడిగింది."

నేను స్రవంతి వైపు తిరిగి చూశాను.

"ఆనెకా పోయాక నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. పొద్దున్నించి తినలేదన్నాను. ముందు తినండి, తర్వాత చూద్దాం అంది. సంచిలో రొట్టె, జున్ను ఉన్నాయి. నేను తిన్నంతసేపూ ఫోన్ పెట్టకుండా ఉంది. తిన్నాక లేచాను. ఆ దారంతా తొక్కగలిగానంటే ఆవిడ వల్లే. ఆవిడ కోసం పళ్ళ కేకు తెచ్చాను. ఆవిడ ఉందా అక్కడ?"

టైర్లలో గాలి గురించి చెప్పాను నేను. వాన గురించి చెప్పాను. ఒక్కనాడు, ఒక్కసారి, తిన్నారా అని అడగలేదు. మా ఇళ్ళల్లో గడపలో అడుగు పెట్టినవాళ్ళనల్లా అడిగే మాట అది. క్లేర్ అడగకూడదని మానేశాను. సోమవారం నుంచి ఆయన నాతో మాట్లాడిందంతా, ఆనెకా, కొండ మీద వెక్కిరింపులు, అన్నీ ఆ పిల్ల మీద నమ్మకంతో చెప్పుకున్నవే. ఉన్నాను, నేనే, అని ఒక్క మాట అంటే చాలు, ఆ మంచితనం నాదైపోతుంది. ఎవరికీ తెలియదు. నాకు కావాలనిపించింది, దాపరికమెందుకు, చాలా కావాలనిపించింది.

"ఉందండి. పక్కనే ఉంది. ఇస్తున్నాను" అన్నాను.

హెడ్‌సెట్ తీసి స్రవంతి చేతిలో పెట్టాను. అది నా మొహం చూసి బిత్తరపోయింది. "ఏందక్కా, ఏమైంది?"

"హెండ్రిక్. ఆదివారం నువ్వు అన్నం తిన్నావా అని అడిగావట."

"అడగొద్దా? తప్పైందా?"

"మాట్లాడు."

అది పెట్టుకుని హలో అంది. మొదట బెదురుగా, తర్వాత మామూలుగా. యాసా లేదు, పాసా లేదు, మెదక్ ఇంగ్లీషే. మధ్యలో నవ్వింది. ఏదో కాదు కాదు అంది. నాకు ఇటు మాటలే వినిపిస్తున్నాయి. తెర మీద చుక్క షట్టరు ముందే ఉంది. మెట్టు మీద కూర్చున్నాడు కాబోలు.

మీటింగ్ రూమ్ తలుపు తీసుకుని రామాంజనేయులు మావైపే వస్తున్నాడు. స్రవంతి మైకుకి చెయ్యి అడ్డం పెట్టి నావైపు వంగింది.

"అక్కా, కేకు అక్కడ్నే కూసొని తినుమన్న. తింటుండు. తినేదాంక ఫోన్ పెట్టొద్దంట." తర్వాత గొంతు తగ్గించింది. "రోజూ మాట్లాడింది నేనే అనుకుంటుండక్కా. మొదటి దినం సంది. నువ్వని చెప్పాల్నా?"

"వద్దు" అన్నాను. "ముందు ఆయన్ని తిననీ."