పుట్టుమచ్చ లేని చెంప

"నీ మొహానికి పడిందంటే ఇంకెవరి మొహానికైనా పడుతుంది" అంది ఆడపడుచు, గిన్నెలోంచి రెండు వేళ్లతో క్రీము తీసి తనే ఆమె చెంపకు పులిమేస్తూ. రాయనా అని ఒక్క మాట అడగలేదు. సున్నం వేసేవాడు గోడను అడుగుతాడా?

క్రీము వ్యాపారం ఆడపడుచుది. వంటగది మాత్రం ఆమెది. మందులూ మాకులూ లేని సహజమైన క్రీము, ముఖానికి తేమనిస్తుంది, అంతా ప్రకృతే అని ఆడపడుచు ఫోన్లో అందరికీ చెప్పుకుంటుంది. ఆ ప్రకృతిని పొద్దున్నే అయిదింటికి లేచి వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించేదీ, తేనెమైనంలో నూనె సన్నటి ధారగా పోస్తూ అరగంట గిలకొట్టేదీ, సీసాలు ఉడకబెట్టి ఆరబెట్టి నింపేదీ ఈమె. ఆ తర్వాతే ఇంటిల్లిపాదికీ టిఫిను, కేరేజీలు, తన ఉద్యోగం. ఒకరోజు మైనం ఒలికి మణికట్టు కాలితే, "ఇంటి పనేగా, పరాయివాళ్లకు చేస్తున్నావా ఏంటి?" అంది అత్తగారు.

పదిహేనో ఏటి నుంచీ ఆమెవి మొటిమల బుగ్గలు. నూనె తగిలితే చాలు, పొంగుకొస్తాయి. అందుకే మొదటిరోజే చెప్పింది, నాకు నూనెలు పడవు వదినా, చర్మం డాక్టరు వద్దన్నారు, ముందు చెవి వెనక కాస్త రాసుకుని మూడు రోజులు చూస్తానని. సోఫాలోంచి మొగుడు ఫోను మీద నుంచి తలెత్తకుండానే, "అన్నీ అనుమానాలే నీకు. అక్క నీ మంచికేగా చెప్తోంది" అన్నాడు. సహజమైతే పడి తీరాలని ఎవరన్నారు? దురదగొండి ఆకు కూడా సహజమే. ఆ మాట గొంతుదాకా వచ్చింది. మింగేసింది. మింగడం అలవాటైపోయింది ఆమెకు.

నాలుగోరోజు దురద మొదలైంది. వారానికల్లా గడ్డం నుంచి చెంపలదాకా ఎర్రటి బొబ్బలు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇక తప్పంతా ఆమె మొహానిదే. లోపలున్న చెడు బయటికొస్తోంది, మంచిదే, ఆపకు అంది ఆడపడుచు. నిద్ర చాలక వేడి చేసిందంది అత్తగారు, ఆ నిద్ర ఎవరి సీసాల కింద పోతోందో తెలియనట్టు. నువ్వే గిల్లుకుంటావు అని తేల్చేశాడు మొగుడు. అయినా ఇరవై రోజులు రాసింది. వాళ్ల పోరు పడలేక మాత్రమే కాదు. ఆమెకూ ఆశే. నున్నటి చెంప ఎలా ఉంటుందో ఒక్కరోజైనా చూసుకోవాలని ఆశ. ఆ ఆశ గుర్తొస్తే ఇప్పుడు వాళ్ల మీద ఉన్నంత కోపం తన మీదా వస్తుంది.

ఆమె పనిచేసేది కళ్లజోళ్ల షాపులో. నాలుగు గోడలకూ అద్దాలే. ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు వంగి, ఫ్రేము పెట్టి, చెవుల దగ్గర సరిచేయడం పని. పదహారో రోజున ఓనరు మాస్కుల డబ్బా ఒకటి ఆమె ముందు పెట్టి, "కస్టమర్లు ఇబ్బంది పడుతున్నారమ్మా" అన్నాడు. గోరుచుట్టు మీద రోకటి పోటు. మధ్యాహ్నం కౌంటరు మీద నోరు తెరుచుకుని గురక పెట్టే ఆయన మొహంతో మాత్రం ఏ కస్టమరుకీ ఇబ్బంది లేదు.

ఇరవై ఒకటో రోజు కాలేజీ అమ్మాయి ఒకతె వచ్చింది. నుదుటి నిండా మొటిమలు. ఫ్రేము సరిచేస్తుంటే ఆ పిల్ల ఆమె చెవి పక్కకే చూస్తోంది. అక్కడ, మాస్కు అంచుకు పైన, ఆమెకు కందిగింజంత పుట్టుమచ్చ.

"అక్కా, ఇది మీరే కదా?" అంటూ సంచిలోంచి సీసా తీసింది. సీసా ఆమెకు తెలుసు, కడిగింది తనే. దాని మెడకు కట్టిన కార్డు మాత్రం ఎప్పుడూ చూడలేదు. మొగుడు ఆఫీసులో ఏవో ప్రింటు తీయించాడని విన్నది, అంతే.

కార్డు మీద రెండు చెంపలు. 'వాడకముందు' అన్నది ఆమెది. కళ్లు మూసుకుని ఉంది. చెంప కింద తన దిండు, దాని మీద తను కుట్టుకున్న నీలం పువ్వు. 'వాడాక' అన్నది ఆడపడుచుది, పుట్టి బుద్ధెరిగి ఒక్క మొటిమ ఎరుగని చెంప. ముత్యం కమ్మ కూడా కనిపిస్తోంది.

"ఇందులో మచ్చ ఉంది, ఇందులో లేదు" అంది ఆ పిల్ల, నిజంగానే తెలుసుకుందామని. "క్రీము రాస్తే పుట్టుమచ్చ కూడా పోతుందా అక్కా?"

ఆమెకు ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే కోపం వచ్చింది. నిద్రలో. తీసింది పక్కన పడుకున్నవాడే. మొటిమలు చూడలేక అటు తిరిగి పడుకుంటాడనుకుంది ఇన్నాళ్లూ.

మాస్కు తీసి కౌంటరు మీద పెట్టింది. "ఇరవై రోజులు రాశాక నా మొహం ఇదమ్మా. మూత తియ్యకు. చర్మం డాక్టరుకు చూపించుకో" అంది. ఆ పిల్ల సీసా ఆమె చేతికిచ్చేసింది.

తర్వాత ఆమె అద్దాల వెలుగులోకి వెళ్లి, పుట్టుమచ్చ కనిపించేలా తన ఫొటో తనే తీసుకుంది. ఆడపడుచు తన కస్టమర్ల వాట్సాప్ గ్రూపులో పార్సిళ్ల సంగతులు చూడమని ఆమెనూ చేర్చింది. ఆ ఫొటో అందులో పెట్టింది. కింద మూడే ముక్కలు రాసింది: మొదటి చెంప నాది. రెండోది నాది కాదు. వాడాక నాది ఇది.

అయిదు నిమిషాలకు ఫోను మోగడం మొదలైంది. ఆడపడుచు చేస్తే ఎత్తలేదు. మొగుడు చేస్తే ఎత్తింది.

"బుద్ధుందా నీకు? ఇంటి పరువు తీసుకెళ్లి వీధిలో పెడతావా? ముందు ఆ ఫొటో తీసెయ్."

"నేను నిద్రపోతుంటే తీశారా?" అని అడిగింది.

"ఇప్పుడదా సంగతి..." అని నసిగాడు.

"అదే సంగతి" అంది ఆమె. "నా మొహాన్ని వీధిలో పెట్టింది మీరు. నేను వెళ్లి తెచ్చుకున్నాను."