పసుపు తల లేని పిట్టలు

“పొద్దున్నే పిండి కలిపేస్తే మధ్యాహ్నానికి పూరీలు పొంగవే,” అంది అత్తయ్య. పొంగకపోతే అణిగినవే తింటారు, అనుకున్నాను గానీ పైకి అనలేదు. పిండి మీద తడిగుడ్డ కప్పి, కూర దించి, బైనాక్యులర్స్ మెడలో వేసుకున్నాను. “పిట్టల్ని చూడ్డానికి బస్సెక్కి పోవాలా? కిటికీలోంచి కనబడవూ?” అందావిడ. “పదకొండుకల్లా వచ్చెయ్. మేనేజర్ వస్తున్నాడు, కాంట్రాక్ట్ రెన్యువల్ టైమ్,” అన్నాడు మా ఆయన ఉదయ్‌కిరణ్, కళ్లు తెరవకుండానే.

మేముండే సెంగ్‌కాంగ్‌లో బస్సెక్కి చివరి స్టాపులో దిగితే పుంగోల్ గడ్డిమైదానం. ఫ్లాట్లు కట్టేదాకా అక్కడ దానిదే రాజ్యం. ఎండా వానా తప్ప ఈ దీవి దేశానికి వసంతం లేదంటారు. ఉగాదికింకా అయిదు రోజులుంది, భుజాల దాకా లేచిన గడ్డి గాలికి ఒక్కసారే ఒరిగి లేస్తుంటే నేనూ ఒరిగి లేస్తున్నట్టే ఉంది. ఎక్కడో తీతువు అరిచింది. మబ్బుల్లోంచి ఎండ మెల్లగా దిగుతోంది. కాసేపు నేనెవరి భార్యనో, ఏ బ్లాకులో ఉంటానో గుర్తే లేదు. ఎంత హాయిగా ఉందో!

పక్షుల లెక్క నడిపే సత్యవాణి ఆంటీ ముప్పయ్యేళ్లుగా ఇక్కడే ఉన్నారు. “ఇవాళ గిజిగాళ్ల లెక్క సరిగ్గా తెచ్చావంటే, ఇక ప్రతి శనివారం ఈ గడ్డి నీదే,” అన్నారు. నేను ఎమ్మెస్సీ జువాలజీ చదివి, వైటూకే కంప్యూటర్ పనికొచ్చినాయన వెంట, భార్యలకిచ్చే డిపెండెంట్ పాస్ మీద వచ్చి ఏడేళ్లయింది. ఏడేళ్లుగా శనివారమంటే ఆయన టీమ్‌కి మా ఇంట్లో మకాన్, అంటే ఇక్కడివాళ్ల మాటలో భోజనం. “నీకేం, ఇంట్లోనే ఉంటావుగా,” అన్న మాట వినీ వినీ నిజమేనేమో అనుకునేదాకా వచ్చాను. ఈ గడ్డి నాకు కావాలి. చంటిపిల్లలు మారాం చేసినంతగా కావాలి.

పదిన్నరకి కాగితం ఇచ్చాను. ఇరవై ఆరు.

ఆంటీ చూసి, “ఇంత తక్కువా? అన్నీ మగవేనా?” అన్నారు.

వేలాడే గూళ్ల దగ్గర మగవాటి పసుపు తలలు మెరుస్తుంటే వాటినే లెక్కపెట్టాను. గడ్డిరంగులో కలిసిపోయే ఆడవాటిని చూడకపోలేదు, చూసి వదిలేశాను. శనివారాలు కంచాలు లెక్కపెడుతూ నన్ను నేను వదిలేసుకున్నంత మామూలుగా. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

“కొత్తవాళ్లంతా ఇదే చేస్తారు లేమ్మా. ఓపికుంటే మళ్లీ మొదలెట్టు. సాయంత్రమవుతుంది మరి.”

అప్పుడే ఫోన్ మోగింది, మా ఆయన. “ఎక్కడున్నావ్? వాళ్లు ట్రైన్ దిగేశారు. పూరీలెవరు వేస్తారు?”

“పిండి కలిపి ఉంది. మీరే ఒత్తి వేయించండి. నూనె కాగాక చిన్న ముద్ద వేసి చూసుకోండి. నేను సాయంత్రం వస్తా. వచ్చే శనివారమూ ఇంతే.”

“మేనేజర్ ముందు నేను పూరీలు వేయించాలా?”

“ఆయన్నీ నాలుగు ఒత్తమనండి.”

అవతల బుసలు వినిపించాయి. ఆయన కోపం చల్లారేదాకా ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడటం నాకలవాటు. ఈసారి నిలబడలేదు. పెట్టేసి, పెన్సిల్ తీసుకుని గడ్డిలోకి నడిచాను.