వీడ్కోలు పూర్తయ్యేలోపు

చర్చిలో లైల్ శవపేటిక ముందు అందరూ ప్రార్థన కోసం తలలు వంచుకున్నారు. ఓరిన్ హాగెన్ మాత్రం సిగ్గుతో వంచుకున్నాడు. ప్రార్థన అయిపోయి అందరూ తలలెత్తినా అతనికి ఎత్తబుద్ధి కాలేదు.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, ఉత్తరాన సరస్సు ఒడ్డునున్న ఆ ఊళ్ళో ఓరిన్ ఇళ్ళలో హీటర్లు బాగుచేస్తాడు. అతనికి ఇంకో పని కూడా ఉంది. సరస్సు గడ్డకట్టాక, మంచు పగిలి ఎవరైనా నీళ్ళలో పడితే, ఆ మనిషి గుండె చప్పుడు ఓరిన్‌కు ఊళ్ళో ఏ మూలనున్నా వినబడుతుంది. ఎంత పలచటి మంచైనా అతని కాళ్ళ కింద పగలదు. ఊలు ముసుగు తగిలించుకుని పరుగెత్తుకెళ్ళి, మనిషిని లాగి ఒడ్డున పడేసి, మాటా మంతీ లేకుండా మాయమవుతాడు. ఊరు అతన్ని ముసుగాయన అని పిలుచుకుంటుంది.

కథల పుస్తకాల్లో ఇలాంటి వీరులు పేరు దాచుకోవడానికి ఘనమైన కారణాలుంటాయి. శత్రువులు పెళ్ళాన్ని ఎత్తుకుపోతారనీ, తల్లిని కట్టిపడేస్తారనీ. ఓరిన్‌కు పెళ్ళి కాలేదు, తల్లి లేదు. శత్రువులంటే, బిల్లు ఎక్కువేశాడని రుసరుసలాడే ఒకరిద్దరు, అంతే. అతని కారణం వేరు. ఆ ఊళ్ళో గొప్పలు పోవడం దొంగతనం కన్నా పెద్ద తప్పు. కొత్త కారు కొన్నవాడు కూడా 'పాతది మొరాయించింది, ఏం చెయ్యను' అని వాడవాడలా సంజాయిషీ చెప్పుకుంటాడు. అలాంటిచోట 'మీ ప్రాణదాతను నేనే' అని తిరగడం ఎలా? ఒక్కరు చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పినా ఓరిన్ చెవులు ఎర్రబడిపోతాయి.

పోయిన శుక్రవారం సాయంత్రం ఊరంతా ఎప్పటిలాగే భోజనశాలలో చేపల వేపుడు తింటోంది. ఓరిన్ బల్ల దగ్గర, చిన్నప్పుడు అతనితో చదువుకున్న ఆర్డిస్ ఉంది. ఆమె భర్త లైల్ ఇంకా రాలేదు. వేపుడు సగంలో ఉండగా ఓరిన్‌కు గుండె చప్పుడు వినబడింది. గుండె చప్పుడు ఎవరిదో పోల్చుకోవడం అతనివల్ల కాదు. ఎవరిదైనా చప్పుడొకటే.

అక్కడినుంచి లేచి వెళ్ళిపోవడం అంత తేలిక కాదు. ముందు రెండు చేతులతో తొడలు చరుచుకుని 'సరే మరి' అనాలి. అప్పుడే ఏం తొందర అంటారు, మళ్ళీ కూర్చోవాలి. మళ్ళీ లేవాలి. కోటు తొడుక్కుంటూ మంచు గురించీ, తలుపు దగ్గర మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడాలి. ఇవేమీ లేకుండా చటుక్కున లేచిపోయినవాడి గురించి వసంతం దాకా చెప్పుకుంటారు. పైగా ఓరిన్ పరుగెత్తిన సాయంత్రమే ముసుగాయన కనబడితే, అది ఎవరో పసిపిల్లలు కూడా పట్టేస్తారు. అందుకని ఓరిన్ తొడలు చరుచుకున్నాడు.

"కూర్చోవయ్యా, కొంపలేం మునగట్లేదుగా," అంది ఆర్డిస్.

కూర్చున్నాడు. లేచాడు. తలుపు దాకా వచ్చాక ఆమె యాపిల్ కూరిన తీపిరొట్టె ముక్కను రేకు కాగితంలో చుట్టి తెచ్చింది. వద్దన్నాడు. పట్టుకెళ్ళమంది. అబ్బే వద్దన్నాడు. మర్యాదకు ఇంకోసారి కూడా వద్దని, అప్పుడు తీసుకున్నాడు. ఈలోగా గుండె చప్పుడు నెమ్మదించింది. అతను సరస్సు చేరేసరికి అసలు లేదు. మంచులోంచి లాగి వెల్లకిలా తిప్పితే లైల్ మొహం. చేపలు పట్టడానికి మంచుమీద నిలిపిన చెక్కగదిని ఒడ్డుకు లాక్కురావడానికి వెళ్ళాడట.

ఇప్పుడు చర్చి నేలమాళిగలో భోజనాలు నడుస్తున్నాయి. బంగాళాదుంపల కూర, పందిమాంసం పెట్టిన బన్నులు, పలచటి కాఫీ. ఓరిన్ తన పళ్ళెం పక్కన పెట్టేశాడు. చెప్పేయాలి, ఆమె తిట్టినా కొట్టినా చెప్పేయాలి, లేకపోతే బతకలేననుకున్నాడు. వంటగదిలోకి వెళ్ళాడు. అందరూ వద్దంటున్నా ఆర్డిస్ గిన్నెలు తోముతోంది.

"ఆర్డిస్, నీకో మాట చెప్పాలి. ఆ శుక్రవారం నేను..."

"చెప్పకు."

"నీకు తెలీదు. నేనెవరో..."

"తెలుసు. ఊరందరికీ తెలుసు. ముసుగేసుకుంటే నడక మారుతుందా, ఓరిన్?"

అతని చెవులు మండిపోయాయి. ఇన్నేళ్ళూ దాక్కున్నాననుకుని నడిబజార్లో నిలబడ్డాడన్నమాట.

"మరి ఎవరూ ఒక్కమాటైనా అనలేదే?"

"అంటే నువ్వు సిగ్గుపడి ఊరొదిలి పోతావని." ఆమె కుళాయి కట్టేసింది. గొంతు తగ్గించింది. "ఆ రోజు నువ్వు లేచినప్పుడే నాకర్థమైంది. నీ మొహం పాలిపోయింది. ఎవరో నీళ్ళలో పడ్డారని తెలిసింది. తెలిసినట్టు కనబడితే నువ్వు నొచ్చుకుంటావని కూర్చోమన్నాను. తీపిరొట్టె చుట్టి తెచ్చాను. ఎప్పుడూ అలాగే చేస్తాం కదా అందరం. ఎవరో పడ్డారనుకున్నానే గాని, లైల్ అని..."

ఆమె ఆగిపోయింది. చేతులు తుడుచుకుని మళ్ళీ అందుకుంది.

"నువ్వు నోరు విప్పితే నేనూ విప్పాలి. అప్పుడు లైల్‌ని నువ్వు చంపినట్టు, నేను చంపించినట్టు. రేపట్నుంచి ఒకే కొట్లో రొట్టె ఎలా కొనుక్కుంటాం? ముసుగాయన ఎవరో తెలీనంతకాలం, పాపం ఆయనకి ఆలస్యమైంది, అంతే. ఆయన్నైతే తిట్టుకోగలను. తిట్టుకుంటున్నాను కూడా. నీతో అలా కాదు. నా హీటర్ బాగుచేసేది నువ్వేగా."

కాఫీ కోసం పాస్టరు భార్య వెర్లా లోపలికొచ్చి, ఇద్దరి మొహాలూ చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ముసుగాయన మాటే అనుకుంటున్నాం," అంది ఆర్డిస్ మామూలుగా. "ఎక్కడున్నాడో, ఎంత కుమిలిపోతున్నాడోనని."

వెర్లా నేల చూపులు చూసింది. "అవును పాపం. ఊళ్ళో ఎవరికీ తనమీద కోపం లేదని ఆయనకి తెలిస్తే బాగుండును. ఏమంటావు ఓరిన్?"

"తెలిస్తే బాగుండును," అన్నాడు ఓరిన్.

ఆ మాట ఆర్డిస్ కూడా అంటుందేమోనని ఎదురుచూశాడు. ఆమె కుళాయి తిప్పి, మళ్ళీ గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.