పొన్నుకర్రలోని చప్పుడు

దగ్గరకు రమ్ము తల్లీ, ఆ చేటను ప్రక్కనబెట్టి వినుము. మా నాయనమ్మ గౌరమ్మ కన్నులార చూచి నాకు చెప్పిన సంగతి యిది.

శరత్ప్రభాతమున మంచుతెరలు తొలగి నాగావళీతీర కాశకుసుమములు వెండికుచ్చులవలె మెఱయుచుండగా మా తాలింఖానా యను సాముశాల ముంగిట విజయదశమి కర్రసాము చూడవచ్చిన జనము క్రిక్కిఱిసి యుండెను. ఆ శాలకు గురువు మా తాత దాలినాయుడు. ఇత్తడిపొన్నులు తొడిగిన తన కర్రను మూడేండ్లుగా పరులచేత ముట్టనిచ్చి యెఱుగడు. "బల్లేనికి మొన ఒకటేరా. పగోడు దాన్ని దాటి లోపలికొచ్చీసినాడంటే అది ఉత్త కట్టే. కర్రకి రెండు కొసలూ మొనలే" అని శిష్యులకు బోధించుచుండెడివాడు.

అంతలో సూరప్పడను పొరుగూరి యువకుడు వచ్చి గురువుతోనే పోటీ కోరెను. గెలిచినవానిదే గురుపీఠము. వచ్చినవాని కర్రను గురువు ముందుగా పరీక్షించుట శాలాచారము గనుక తాత దానిని చేతనందుకొని బొమ ముడిచెను.

"ఇంత బరువేటిరా? లోపల ఇనుము దాసినావా?"

"బోలు లేని కొండయెదురు బాబూ. ఇనుమెందుకు, నా సెయ్యి సాలదేటి?" అని సూరప్పడు నవ్వెను.

ఆ నవ్వు తాతకు మఱింత యనుమానము గొలిపెను. తట్టి చూచెను, వాసన చూచెను, యెండకెత్తి చూచెను. తుదకు గొడ్డలి తెప్పించి నిలువున చీల్చెను. లోపల గట్టినారయే తప్ప మఱేమియు లేదు.

అనుమానముతో పరుని కర్ర చీల్చినవాడు తన కర్ర నీయవలెననునది శాల కట్టుబాటు. తాత కదలడాయెను.

"ఇచ్చీయండి. ఆ కట్టుబాటు మీరు నేర్పిందే గదా!" అని నాయనమ్మ పలికెను.

ఇచ్చునెడ పట్టు దప్పి చేతినుండి జాఱి యా పొన్నుకర్ర ఱాతిమెట్టుపై బడి పగిలెను. పగిలినచోటినుండి యినుపచువ్వ యొకటి వెలికివచ్చి ఖంగున మ్రోగెను.

"మణికట్టు సచ్చిపోయి మూడేళ్ళయినాది" అని తాత తలవంచి పలికెను. "దెబ్బకి బరువు సాలక దాసినాను. అందుకేరా, నీ కర్రలో కూడా అదే కనబడింది."

తాత గురుపీఠము విడువగా సూరప్పడు దాని నెక్కకమునుపే యా చువ్వను శాల చూరునకు వ్రేలగట్టెను. అది మొదలు ప్రతిప్రభాతమునను దానిని మ్రోగించిన పిమ్మటనే శిష్యులు కర్ర పట్టుచుండిరి. తొలినాడు దానిని మ్రోగించినవాడు మా తాతయే.

మఱువకుము తల్లీ. నీ బిడ్డలకు చెప్పునపుడు తాత తప్పును మాత్రము దాచకుము.