ఫినాయిల్‌తో కడిగిన కొట్టం

ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

పేడ గ్యాసుతోనే బావి నీళ్లు తోడతానని మా ఆయన డీజిల్ ఇంజను ఎప్పుడో అమ్మేశాడు. ఇన్నాళ్లూ బాగానే నడిచింది. ఇప్పుడు చూస్తే నారుమడి నెర్రెలిచ్చింది, వాన జాడ లేదు. నారు పోతే ఈ ఏడు పంట లేనట్టే. ఈయన గొట్టాలన్నీ ఊడదీసి, పిల్లనగ్రోవి దొరికినట్టు ఒకటే ఊదడం.

"గొట్టాల్లో ఏం అడ్డం లేదే. లోపల గ్యాసే పుట్టట్లేదు," అన్నాడు చివరికి.

పేడ కలిపే తొట్టి మూత తీశాను. ఫినాయిల్ వాసన గుప్పుమంది.

"అత్తయ్యా, కొట్టం దేంతో కడుగుతున్నారు?"

"ఈగలు చంపుకు తింటుంటే ఫినాయిల్ పోస్తున్నా. ఏం, శుభ్రం కూడా తప్పేనా?"

"ఆ నీళ్లు తొట్టిలోకే పోతాయి కదమ్మా," అన్నాడు మా ఆయన నీరసంగా. "పేడని పులియబెట్టే క్రిములన్నీ చచ్చుంటాయి. మళ్లీ గ్యాసు పుట్టాలంటే వారాలు పడుతుంది."

నాకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. కానీ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడింది. ఇంకేం అంటాను?

ఇక పక్క చేలో డీజిల్ ఇంజనున్న బావగారే దిక్కు. 'ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం మా తమ్ముడు' అని మేం ఇంజను అమ్మిన రోజున ఊరంతా చెప్పి నవ్విన మనిషి. ఆయన కాళ్లయినా పట్టుకుందామని బయల్దేరితే, ఖాళీ డబ్బాతో గట్టు మీద ఆయనే ఎదురొచ్చాడు.

"బంకులో డీజిల్ లేదమ్మా. ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలీదట. మీ ఇంజను ఒక్క పూట నా మడికి..."

మా ఇంజను సంగతి చెప్పాను. ఆయన డబ్బా కింద పెట్టేశాడు.

బావి రెండిళ్లకూ ఉమ్మడి. చేదతో తోడి మోస్తే, అందరం కలిసినా ఒక్క మడే తడుస్తుంది. ఆయన మడి బావి పక్కన. మాది చేను చివర.

"నాది బతికిద్దాం. నారు చెరిసగం," అన్నాడు బావగారు.

"పొలం పంచినప్పుడూ చెరిసగమనే అన్నారు," అన్నాను. నోరు జారాను గానీ అబద్ధం కాదు.

ఆయన తల దించుకున్నాడు. ఎండ ఎక్కుతోంది. అత్తయ్య లేచి చేద బావిలోకి వదిలింది.

బావగారి మాట మీద నాకు నమ్మకం లేదు. వేరే దారీ లేదు. నిండిన బిందె చంకనెత్తుకుని, మా మడి ఎండుతుండగా, ఆయన మడిలో నీళ్లు పోశాను.